పెరటి గుమ్మం మెట్లు

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టడం ఒక ఎత్తయితే, చేతిలో పైసా లేకుండా కొనడం ఇంకో ఎత్తు. రొవీనా, లోవెల్ స్టాలార్డ్ దంపతులు ఆ రెండో ఎత్తు దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయారు. లోవెల్‌ది కోళ్ల ఫ్యాక్టరీలో పని. రొవీనాది బడి వంటశాలలో. వచ్చింది వచ్చినట్టు తిండికీ, అద్దెకీ, పాత ట్రక్కు మరమ్మతుకీ సరిపోయేది.

వర్జీనియాలో వాళ్లుండే కౌంటీకి పాతదనమే పెద్ద గొప్ప. రోడ్డు పక్కన అడుగడుగునా ఓ ఇనప పలక కనిపిస్తుంది. ఫలానా సేనాని ఇక్కడ గుర్రానికి నీళ్లు పట్టించాడు, ఫలానా దొరగారి పొగాకు ఇక్కడినుంచే ఓడలకెక్కింది అని రాసి ఉంటుంది. ఆదివారాలు పట్నం వాళ్లు వచ్చి వాటి పక్కన ఫోటోలు దిగి పోతుంటారు. రొవీనా వాళ్లు అద్దెకుండే ఇల్లు కూడా ఆ కాలందే. చెక్క గోడలు, వంటింట్లో కట్టెల పొయ్యి, చుట్టూ ఎర్రమట్టి పొలం. పెరటి వైపున్న గుట్టకి మాత్రం ఏ పలకా లేదు.

ఆ గుట్ట మీద సీడార్ చెట్ల నీడలో మొరటు రాళ్లు కొన్ని నిలబెట్టి ఉండేవి. ఒక్కదాని మీదా అక్షరం లేదు. చుట్టూ చలికాలంలోనూ వాడని ఊదాపూల తీగ అల్లుకుని ఉండేది. వీళ్లు ఇంట్లోకి దిగిన మొదటి వసంతంలో మిస్ ఒడెస్సా కొడవలి పట్టుకుని వచ్చింది. నల్లజాతి ముసలమ్మ. రోడ్డు మలుపులో ఇల్లు.

"మా వాళ్లున్నారమ్మా ఆ గుట్ట మీద," అంది. "బానిసలుగా బతికి పోయినవాళ్లు. ఏటా వచ్చి గడ్డి కోసిపోతా. పాత ఓనరు ఏమనేవాడు కాదు. నువ్వూ అననంటే..."

"అయ్యో, అదేం మాట మిస్ ఒడెస్సా. మీ చోటు. ఎప్పుడైనా రండి," అంది రొవీనా. మనస్ఫూర్తిగానే అంది.  అందుకే తర్వాత చేసిన పని అంత సిగ్గుచేటయింది.

ఇంటి యజమాని కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. కొనుక్కుంటారా, ఖాళీ చేస్తారా, మీ ఇష్టం అన్నాడు. పల్లెల్లో ఇల్లు కొనుక్కునే వాళ్ల కోసం సర్కారు పూచీ పడే అప్పొకటుంది. ముందుగా చేతి సొమ్ము కట్టక్కర్లేదు. సొంతంగా కాపురం ఉండాలి, మనిషొచ్చి చూసే పరీక్షకి ఇల్లు నిలబడాలి, అంతే. అదొక్కటే వాళ్లకున్న దారి. అది తప్పితే మళ్లీ లోవెల్ అక్క వెర్నా ఇంటి వెనక, చక్రాల మీద నిలబెట్టిన రేకుల బండిలో కాపురం. ఒకసారి చేసి చూశారు. చలికి రొవీనా కడుపులో బిడ్డ నిలవలేదు. మళ్లీ ఆ బండిలోకి అడుగుపెట్టనని ఆమె ఒట్టేసుకుంది.

ఆ వెర్నాయే వచ్చి మంట పెట్టింది. "పెరట్లో సమాధులు పెట్టుకుని సర్కారు అప్పుకి పోతున్నావా? పరీక్షకి వచ్చేవాడు చూశాడంటే నీ కాగితం బుట్టలోకే. మా చర్చిలో ఎవరికో అలాగే అయిందట."

ఎవరికయింది, ఎప్పుడయింది అని రొవీనా అడగలేదు. భయం ఉన్నవాళ్లు ప్రశ్నలు అడగరు. పైగా పెరటి గుమ్మానికి మెట్లు లేవు. చెక్కమెట్లు పుచ్చి ఊడిపోతే తలుపు గాల్లో వేలాడుతోంది. అదీ పరీక్షలో తప్పే.

లోవెల్ పనిలో ఉండగా ఓ మధ్యాహ్నం ఒంటిచక్రం బండి తోసుకుని గుట్టెక్కింది. గడ్డపారతో ఒక్కో రాయీ పెళ్లగించింది. ఎర్రమట్టి వాటిని వదల్లేక వదిలింది. కిందకి తెచ్చి, వెడల్పువి కింద, సన్నవి పైన పేర్చి, సందుల్లో సిమెంటు కూరి, గుమ్మానికి మెట్లు కట్టింది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. పూల తీగ పీకి కాల్చేసింది. ఓ చిన్న తెల్ల పలుగురాయి మాత్రం ముచ్చటగా ఉందని వంటింట్లో పొయ్యి పక్కన సామాన్ల గది తలుపుకి అడ్డంగా పెట్టుకుంది. ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలన్న ఆలోచనే రాలేదు. రాళ్లే కదా అనుకుంది.

సాయంత్రం లోవెల్ వచ్చి మెట్ల వైపు చూశాడు, గుట్ట వైపు చూశాడు. "గట్టిగానే కట్టావే," అని లోపలికెళ్లి స్నానం చేశాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

అప్పు తరఫున ఇల్లు చూడ్డానికి వచ్చినాయన పేరు ప్రూయిట్. పెద్దమనిషి. ఇల్లంతా తిరిగి, పెరట్లోకి వచ్చి మెట్లెక్కి దిగి మెచ్చుకున్నాడు.

"ఎవరు మేస్త్రీ?"

"నేనేనండి. పొలంలో దొరికిన రాళ్లు."

"బావున్నాయి. ఆ గుట్ట మీద సమాధులేమన్నా ఉన్నాయా?"

"ఏం లేవండి."

"విచిత్రంగా ఉందే. ఈ కౌంటీలో ఇంత పాత పొలంలో సమాధి లేకపోవడం నేనిదే చూడ్డం. ఉంటే ఓ ముక్క రాసుకుని ఫోటో తీసుకుంటా. అంతే. నేను చూసిన ఇళ్లలో వాటివల్ల ఆగిపోయిన అప్పు ఒక్కటీ లేదమ్మా."

రొవీనాకి తల కొట్టేసినట్టయింది. ఊరికే చేసింది ఇదంతా. ఎవరూ అడగని పని. ఇప్పుడు నిజం చెప్పిందా, అబద్ధమాడినందుకు అప్పు పోతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఆయనకి కాఫీ ఇచ్చింది. ఆయన తాగి, బావుందని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పు మంజూరైంది. జనవరిలో ఇల్లు వాళ్లదైంది. వెర్నా పీచ్ పండ్లతో తీపి రొట్టె కాల్చి పట్టుకొచ్చింది. అందరూ తిన్నారు. రొవీనాకి ముద్ద దిగలేదు. వసంతం వస్తే మిస్ ఒడెస్సా కొడవలి పట్టుకుని వస్తుంది. అప్పుడు ఏ ముఖంతో తలుపు తీయాలి? ఈలోగా రాళ్లు తిరిగి పెట్టేద్దామనుకునేది. నేల గడ్డకట్టింది, ఎండలు రానీ అనుకునేది. అసలు సంగతి వేరు. ఏ రాయి ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలీదు.

ఆ చలికాలం పొలమంతా పొద్దున్నే మంచుపొర తెల్లగా పరుచుకునేది. మెట్ల మీద మాత్రం పట్టేది కాదు.

"రాయి కదా, పగటి ఎండ వేడి పట్టి ఉంటుంది," అన్నాడు లోవెల్.

"ఎండెక్కడిది లోవెల్? వారం నుంచి మబ్బే."

 ఆ రోజు నుంచి లోవెల్ వీధి గుమ్మంలోంచి తిరగడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో ఓ సాయంత్రం వాన పట్టుకుంది. పడిన చుక్క పడినచోటే గడ్డకట్టే వాన. కొమ్మలు బరువెక్కి పటపటమని విరిగిపడుతున్నాయి. కాసేపటికి కరెంటు పోయింది. లోవెల్ ఫోన్ చేశాడు. "రోడ్లన్నీ అద్దంలా ఉన్నాయి. ఇవాళ ఫ్యాక్టరీలోనే పడుకుంటా. పొయ్యి ఆరనివ్వకు," అన్నాడు. ఆ మాటతో ఫోనూ మూగబోయింది.

చలికాలం పొద్దు, ఇట్టే కుంకింది. రొవీనా లాంతరు వెలిగించి, పొయ్యిలో కట్టెలు ఎగదోసి, చిక్కుళ్ల కూర వేడికి పెట్టింది. మొదట వాసన వచ్చింది. కూర వాసన కాదు. పచ్చి ఎర్రమట్టి వాసన. గడ్డపార దిగినప్పుడు వచ్చిన వాసన. కిటికీలన్నీ బిగించే ఉన్నాయి. ఎక్కడినుంచి వస్తోందో తెలియక అటూ ఇటూ చూసింది.

అప్పుడు పెరటి గుమ్మం అవతల చప్పుడైంది.

కాళ్లు రాస్తున్న చప్పుడు. లోపలికొచ్చే ముందు మట్టి అంటకుండా మర్యాదస్తులు అరికాళ్లు రాసుకుంటారే, అలాంటిది. ఒక జత కాళ్లు కాదు. రెండు... నాలుగు... ఇంకా ఎక్కువ. మెట్టు మెట్టుకీ ఎవరో ఉన్నారు. ఎవరూ తలుపు కొట్టడం లేదు. ఎవరో మెల్లగా దగ్గారు. ఎవరో నిట్టూర్చారు.

రొవీనా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

తలుపు అవతల గుసగుసలు.

"కాస్త జరగమ్మా."

"ఎక్కడికి జరగను? చోటేదీ?"

"నువ్వు నిలబడింది నా రాయి మీద."

"నాది ఏదో నాకు మాత్రం తెలుసా... ఎవరిదో తొక్కుతున్నా."

"నెమ్మది. లోపల ఆవిడ వింటోంది."

అంతే... నిశ్శబ్దం. తలుపుకి అటువైపు వాళ్లు, ఇటువైపు రొవీనా. వాళ్లు వింటున్నారని ఆమెకి తెలుసు. ఆమె వింటోందని వాళ్లకీ తెలుసు.  భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. కోపంగా వచ్చి ఉంటే అరిచేది, చర్చి పాటేదో అందుకునేది. వాళ్లు కోపంగా రాలేదు. బతికినన్నాళ్లు వెనక గుమ్మం దగ్గర నిలబడి పిలుపు కోసం చూసినవాళ్లు, చచ్చాక కూడా అలాగే నిలబడి ఉన్నారు. ఆ గుమ్మం దగ్గరికి తెచ్చి నిలబెట్టింది తనే.

"నన్ను క్షమించండి," అంది.  తనకే వినపడలేదు.

వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఇక్కడ వెచ్చగా ఉంది."

పసి గొంతు. పొయ్యి పక్క నుంచి. రొవీనా తల తిప్పలేదు... తిప్పలేకపోయింది. కంటి చివర తెల్లరాయి కనిపిస్తోంది. దాని చుట్టూ నేల మీద తడి. ఆ తడిలో బఠాణీ గింజలంత... పసి కాలివేళ్ల గుర్తులు.

"ఎవరు?"

"నన్ను బయట పెట్టొద్దు."

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆలోచన లేదు. రాయిని పట్టుకుంది. అప్పుడే దించిన రొట్టెలా వెచ్చగా ఉంది. వీధి తలుపు తీసి, మంచు మీద జారుతూ, పడుతూ, మోకాళ్లు చీరుకుంటూ గుట్టెక్కింది. సీడార్ చెట్ల కింద రాయిని పడేసింది. పడేసి పరిగెత్తింది. వెనక ఏడుపు వినిపించింది. నిద్రలో ఎత్తుకెళ్లి బయట పడుకోబెడితే పిల్లలు ఏడుస్తారే, ఆ ఏడుపు. ఆమె ఆగలేదు. ఇంట్లోకొచ్చి గడియ పెట్టుకుంది.

మెట్ల మీద కాళ్ల చప్పుడు లేదు. గుసగుసలు లేవు. చూడకూడనిది చూసి నోరు మూసుకున్నట్టు అందరూ ఊరుకున్నారు. వెళ్లలేదు. ఉన్నారు. ఊరుకున్నారు అంతే. రొవీనా తెల్లారేదాకా కుర్చీలో కూర్చుంది.

పొద్దున్నే మిస్ ఒడెస్సా ఇంటికి నడిచింది. ముసలమ్మ మొక్కజొన్న రొట్టె కాలుస్తోంది. రొవీనా గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వెర్నా మాట, గడ్డపార, ప్రూయిట్ గారికి ఆడిన అబద్ధం, రాత్రి సంగతి.  ముసలమ్మ రొట్టె దించి, పొయ్యి ఆర్పి, బూట్లు తొడుక్కుంది.

రొవీనా ఇంటి పెరట్లోకి వచ్చి మెట్ల ముందు నిలబడింది. వాటి మీద కాలు పెట్టలేదు.

"మావాళ్లని తొక్కుతూ లోపలికీ బయటికీ తిరిగారన్నమాట," అంది.

రొవీనా ఏడ్చింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని. గడ్డపార తే."

మధ్యాహ్నానికి లోవెల్ వచ్చాడు. ముసలమ్మని చూసి టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. "నేను చూసి కూడా ఊరుకున్నానండి," అన్నాడు. "తెలుసు," అంది ఆవిడ. ముగ్గురూ మెట్లు ఊడదీశారు. నేల మెత్తబడ్డాక రాళ్లు గుట్టెక్కించారు. సిమెంటు గోకి గోకి రొవీనా గోళ్లు చిట్లిపోయాయి. ఎవరూ ఆపమనలేదు, ఆమె ఆపలేదు.

"ఇదెక్కడ పెట్టాలి మిస్ ఒడెస్సా?"

"ఏమో."

"పోనీ ఇది?"

"ఏమో పిల్లా. ఎన్నిసార్లడుగుతావ్?" ముసలమ్మ ఓ రాయి మీద చెయ్యేసింది. "మా అమ్మ నన్ను ఒక్కో రాయి దగ్గరా నిలబెట్టి ఫలానా ఆయన, ఫలానా ఆవిడ అని చెప్పేది. నేను చూసి గుర్తుపెట్టుకుంది చోటుని. ఇది పెద్ద చెట్టు పక్కది, ఇది దాని అవతలది అని. రాయి మొహం నేనెప్పుడు చూశాను? పేర్లన్నీ నా దగ్గరున్నాయి. ఏ రాయికివ్వను ఇప్పుడు?"

రొవీనాకి నేల చీలి తనని మింగేస్తే బావుండనిపించింది. నేల మామూలుగానే ఉంది. రాళ్లన్నీ అంచనాగా పాతారు.

తెల్లరాయి ఒక్కదాన్ని ముసలమ్మ గుర్తుపట్టింది. గుట్ట చివర తనే స్వయంగా పెట్టింది. "ఇది టెంపీది. చిన్నపిల్ల. ఒంటరిది."

"వాళ్లమ్మ?"

"ఆవిడ ఈ గుట్ట మీద లేదు. పిల్లకన్నా ముందే పోయింది. దొరలు ఎక్కడ పూడ్చారో మావాళ్లకి చెప్పలేదు. మా అమ్మమ్మ కళ్లు మూసే దాకా అదే అడిగేది, ఆ తల్లినెక్కడ పెట్టారో తెలిస్తే పిల్లని పక్కన చేర్చేదాన్ని అని. నేనూ అంతే. అది తెలుసుకుని పోతే చాలనుకుంటా." మోకాలి మీద చెయ్యేసి లేచింది. రొవీనాకి క్షమించాననీ చెప్పలేదు, క్షమించననీ చెప్పలేదు. రొట్టె తినమంటే ఆకలి లేదని వెళ్లిపోయింది.

లోవెల్ చెక్కతో కొత్త మెట్లు చేశాడు. వాటి మీద మంచు మామూలుగానే పట్టింది. పెరట్లో చప్పుళ్లు లేవు. అంతా సర్దుకుందని లోవెల్ అనుకున్నాడు. రొవీనా కూడా అనుకోవాలనుకుంది.

మార్చిలో ఓ సాయంత్రం అంట్లు తోముతుంటే గుట్ట మీంచి పిలుపు వినిపించింది.

"అమ్మా..."

పలచగా, దూరంగా. చేతులు తుడుచుకుని పెరటి తలుపు తీసింది. సీడార్ చెట్లు కదలడం లేదు. మళ్లీ పిలిచింది పిల్ల. "అమ్మా..."

"ఊఁ... ఇక్కడే ఉన్నానే తల్లీ."

జవాబు గుట్ట మీంచి రాలేదు. రొవీనా వెనక నుంచి వచ్చింది. వంటింట్లోంచి. ఇంకా కింద నుంచి.

మెల్లగా వెనక్కి తిరిగింది. సామాన్ల గది ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెవి నేలకి ఆనించింది. పొయ్యి పక్క, ఆ తెల్లరాయి మొన్నటిదాకా కూర్చున్న నేల చెక్క పలక కింద, ఆడమనిషి గొంతు. నిద్ర పట్టని పిల్లకి రాత్రంతా ఊఁ కొడుతూ అలిసిపోయిన గొంతు. "ఇక్కడే... ఇక్కడే ఉన్నానే..."

ఎన్ని తరాల తర్వాతో ఆ పిల్ల తల్లి దగ్గరికి చేరింది. పాపిష్టి పనే చేసినా, తన చేత్తోనే చేరింది. వెచ్చగా ఉందంది. బయట పెట్టొద్దంది. మళ్లీ తన చేత్తోనే ఎత్తుకెళ్లి మంచులో పడేసింది.

మిస్ ఒడెస్సా ఇల్లు రోడ్డు మలుపులోనే ఉంది. వెళ్లి ఒక్క మాట చెబితే చాలు. ఆవిడ బతుకంతా వెతికిన మాట. కానీ చెబితే పలకలు లేపుతారు. నేల తవ్వుతారు. కింద ఒక్కతే ఉంటుందని ఏముంది? ఇల్లు నిలుస్తుందా? ఇల్లే పోతే మళ్లీ రేకుల బండి... రొవీనా చెంప నేలకి ఆనించి అలాగే ఉండిపోయింది. పలక వెచ్చగా ఉంది.

లోవెల్ బూట్లు విప్పుతూ గుమ్మంలోంచి చూశాడు. "ఏంటే, నేల మీద పడుకున్నావ్? ఒంట్లో బాలేదా?"

రొవీనా లేచి కూర్చుంది. నోరు తెరిచింది. చెప్పేద్దామనే తెరిచింది.

"ఏం లేదు. చెవిపోగు జారింది, వెతుకుతున్నా."

ఆ మాట అనగానే కింద గొంతు ఆగిపోయింది. మళ్లీ రాలేదు. ఆ రాత్రీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. గుట్ట మీద పిల్ల మాత్రం పిలుస్తూనే ఉంది.